తాళం వేసిన అలమర

మార్చి 4, మంగళవారం

రిపోర్టు వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్.డి.ఎల్., రెండు వందల పన్నెండట. ఈ ఇంట్లో నూనె కొలిచి పోసేది నేను. ఎవరి రక్తమో నా పేరున రాసి ఉంటారన్నాను. మా అమ్మాయి నవ్వలేదు. మళ్లీ పరీక్ష చేయించమన్నాను.

మార్చి 7

మళ్లీ అదే. డాక్టరమ్మ రోజూ ఒక మాత్ర, జీవితాంతం వేసుకోమంది. నేను తినేదంతా గ్రాములతో సహా అప్పజెప్పాను. ఓపికగా విని, మా నాన్న ఎలా పోయారని అడిగింది. యాభై రెండేళ్లకే, తినుబండారాలు దాచే వంటింటి అలమర ముందు కుప్పకూలారు. అమ్మ దానికి తాళం వేసి ఉంచేది. ఆయన మధ్యాహ్నాలు మూడింటికి వచ్చి గడియ కదిపి చూసేవారు. నోరు కట్టుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నారని అమ్మ అందరికీ చెప్పింది.

"ఇది తిండి వల్ల వచ్చింది కాదండీ. ఆయన రక్తంలో ఉంది. మీకూ వచ్చింది," అంది డాక్టరమ్మ.

చీటీ తీసుకున్నాను. మందు కొనలేదు.

మార్చి 8, మధ్యాహ్నం మూడు

గడియ చప్పుడు. అమ్మ అలమర ఇప్పుడు నా వంటింట్లో ఉంది. వెళ్లి చూశాను. వేసిన తాళం వేసినట్టే ఉంది.

మార్చి 11

ఈరోజూ మూడింటికే.

అమ్మాయి మందు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. తాతయ్యలాగే నువ్వూ ఒకరోజు నేలమీద దొరుకుతావా అని నిలదీసింది. నూనె బొట్లు లెక్కపెట్టే అమ్మమ్మకే వస్తే ఇక తన బిస్కెట్లకు తాళం దేనికని మనవరాలి వెటకారం. డాక్టరమ్మ దాన్నీ పరీక్షకు పంపమంది.

మాత్ర మింగితే అమ్మ మాట తప్పు అని ఒప్పుకున్నట్టే. ఆ మాట పట్టుకునే అరవై ఏళ్లు పథ్యం చేశాను. మింగకపోతే, నాన్న తిండిదొంగగానే మిగిలిపోతారు.

మార్చి 12

ఇవాళ గడియ చాలాసేపు కదిలింది.

మార్చి 14

మనవరాలి రిపోర్టు వచ్చింది. నాకంటే ఎక్కువ. దానికి పంతొమ్మిదేళ్లు.

"నేనేం తిన్నానని, అమ్మమ్మా?"

అలమర ముందు నిలబడి నాన్న అమ్మతో అనే మాట ఇదే. నీ తప్పేం లేదే అన్నాను. ఎప్పుడూ తిండినే తప్పుపట్టే నా నోట ఆ మాట వినేసరికి పిల్ల బెదిరిపోయింది. దాని ఎదుటే మాత్ర వేసుకున్నాను.

మార్చి 15

తల్లీకూతుళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అలమర తాళం తీసేశాను. డబ్బాలో బిస్కెట్లు పద్నాలుగు.

మూడింటికి చప్పుడు లేదు.

నాలుగింటికి పదమూడు. మళ్లీ లెక్కపెట్టలేదు.