నీడపట్టు పని

వనపర్తి, మే 12

అమ్మా, మేమంతా బాగున్నాము. బాబుకు జ్వరం తగ్గింది, నువ్వు పరేషాన్ కావద్దు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని కార్డు రాస్తున్నాను.

నేను డ్యూటీకి పోతే పిల్లలిద్దరినీ ఈ ఎండాకాలం చూసుకుంటున్నది మీ పక్కింటి సుగుణమ్మ బిడ్డ, డిగ్రీ చదివే కెజియ. "మనింటి పిల్లకు కూలి కట్టుడేంది? నీడపట్టున కూసునే పని. పోయేటప్పుడు ఒక జత బట్టలు పెట్టు" అన్నావు. మొన్న మిట్టమధ్యాహ్నం జ్వరం ఎక్కువై బాబుకు ఫిట్స్ వస్తే, ఆ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా వాడిని ఎత్తుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని దవాఖానకు పరుగెత్తింది. నేను వెళ్ళేసరికి ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

ఆ సాయంత్రం "నీకు ఎంత ఇయ్యాల్నే?" అని అడిగాను. తల వంచుకుని "నీ ఇష్టం అక్కా" అన్నది.

నా చిన్నప్పుడు ఊళ్ళో పెద్దింటి పటేలమ్మ పిల్లలను ఏడాదంతా సాకి, "ఏమియ్యాలె లలితా?" అని ఆమె అడిగితే, వాకిట్లో నిలబడి నువ్వూ అదే మాట అనేదానివి. ఆమె పాత చీర ఇచ్చేది. దాన్ని చింపి కుట్టిన లంగాతో నేను బడికి పోయాను.

ఈ ఎండల్లో మన వీపనగండ్లలో ఆడకూలి రోజుకు ఎంత నడుస్తున్నదో నాన్నతో రాయించి పంపు. అంతకు తక్కువ ఇవ్వను. బట్టలు వేరే పెడతాను.

నాన్న మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? మామిడికాయ తొక్కు పెట్టావా? చర్చి సంఘంలో అందరికీ మా వందనాలు చెప్పు.

జవాబులో "నీ ఇష్టం" అని మాత్రం రాయించకు.

నీ బిడ్డ ప్రేమలత