పని లేని పేగు

మార్చి 3, సాయంత్రం

కళ్లజోళ్ల షాపులో లెన్సు అరగదీస్తుంటే ఉన్నట్టుండి దొడ్డికి వచ్చింది. కింది నుంచి. తొమ్మిదేళ్లుగా నాకు అంతా పొట్ట మీది బ్యాగ్‌లోకే పోతోంది. అప్పటి క్యాన్సర్ ఆపరేషన్‌లో కింద జానెడు పేగు మిగిల్చి, దాని మానాన దాన్ని వదిలేశారు. పరిగెత్తాను. కాస్త జిగురు పడింది, అంతే. ఓనరు కడుపు బాగోలేదా అని అడిగాడు. బయట తిండి అన్నాను.

మార్చి 4

మళ్లీ.

మార్చి 7

జిగురులో ఎర్రటి చార. ఆ పాత క్యాన్సరే తిరిగొచ్చిందేమో. చాలా భయపడ్డాను. మా ఆవిడ బతికుంటే ఓసారి చూసి, రేపు డాక్టర్ దగ్గరికి పదండి అనేది. ఇప్పుడు ఆ మాట నాకు నేనే చెప్పుకోవాలి.

మార్చి 10

వెళ్లాను. స్కోప్ చెయ్యాలన్నాడు డాక్టర్, కింది నుంచి గొట్టం పెట్టి లోపల చూస్తారట. మత్తు ఇస్తాం కాబట్టి తోడు ఎవరైనా వస్తేనే చేస్తామంది నర్సు. ఎవరూ లేరా అని అడిగింది. ఉన్నారన్నాను.

మార్చి 12

ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. లెన్సుల డీలరు, గ్యాస్ అతను, ప్లంబరు. చివరికి బావమరిదికి చేశాను. వాళ్లక్క పోయాక మేం మాట్లాడుకోలేదు. గొడవేం లేదు. మధ్యలో ఆవిడ లేదు, అంతే. చిన్న టెస్టు, తోడు కావాలి అని నసిగాను. ఎన్నింటికి రావాలి బావా అన్నాడు. ఇంకేం అడగలేదు. పెట్టేశాక కాసేపు ఏడ్చాను.

మార్చి 17

నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. బట్టతల వచ్చేసింది వాడికి. బ్యాగ్ సంగతి ఎలా చెప్పాలా అని నీళ్లు నములుతుంటే, అక్క అప్పుడే చెప్పింది బావా, నువ్వు చెప్పేదాకా అడగొద్దని ఒట్టు పెట్టించుకుంది అన్నాడు. ఇన్నేళ్లూ వాడి ముందు పొట్ట లోపలికి లాక్కుని కూర్చున్నాను. వెధవ. ముందే ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయేది.

క్యాన్సర్ కాదట. పని లేక వాచిందట ఆ పేగు. వాడకుండా వదిలేస్తే ఒక్కోసారి అంతేనట. డాక్టర్ మందు రాశాడు. మత్తు దిగేదాకా వాడు నా చెప్పులు పక్కన పెట్టుకుని కాపలా కాశాడు. క్యాంటీన్‌లో టీ తాగుతూ వాళ్ల ఆఫీసు సంగతులేవో చెప్పి నవ్వించాడు. నవ్వుతుంటే బ్యాగ్ ఊగింది. చేత్తో పట్టుకోలేదు. ఇంటి దగ్గర దింపి, ఏదైనా పనుంటే ఫోన్ చెయ్యి బావా అన్నాడు.

మార్చి 25

ఏం పని చెప్పాలా అని ఆదివారమంతా ఆలోచించాను. ఏదీ తట్టలేదు. ఊరికే చెయ్యొచ్చేమో. నెంబరు నొక్కి కట్ చేశాను.

ఏప్రిల్ 14

మందు పనిచేసింది. కింది నుంచి ఏమీ లేదు. డాక్టర్‌కి మాత్రం అలాగే ఉందని చెప్పాను. మళ్లీ స్కోప్ చేస్తారట. తోడు కావాలట.