పడుగు తెగిన రోజు

కడప,
14 నవంబరు 1937

అమ్మ పోయాక నాకు అమ్మవైన సుబ్బక్కకు,

తమ్ముడు రామలింగప్ప చేతులు జోడించి రాసుకొనే మాటలు. ఇప్పుడు అక్కడ ఇంట్లో చదువు వచ్చింది నీ ఒక్కదానికే కాబట్టి నా ఉత్తరాలన్నీ నాయనకు చదివి వినిపిస్తావు. దీన్ని మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో. ఆ తర్వాత నాయనకు ఎట్లా చెప్పాలో నువ్వే ఆలోచించు.

నేను బట్టల అంగడిలో గుమాస్తానని మీరు అనుకొంటున్నారు. ఆ పని మూడు నెలలకే పోయింది. సున్నం కొట్టే జిలాని బాషా, నేను కలిసి అంగళ్ళు, గోదాములు కడిగే పని పెట్టుకొన్నాము. వర్తకులు వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చొనేసరికి బండలు కడిగి, బూజు దులిపి, దీపాల చిమ్నీలు తుడిచి ఉంచుతాము. ఇప్పుడు పదకొండు అంగళ్ళు, ఒక వకీలుగారి కచేరీ మా చేతిలో ఉన్నాయి. మగ్గం ఇంట్లో పుట్టినవాడు తడిగుడ్డ పట్టుకొని నేల మీద పాకుతున్నాడని నవ్వుతావేమో, నవ్వుకో. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. ఈ పనికి నేను సిగ్గుపడడం లేదక్కా. నేను సిగ్గుపడేది వేరే ఉంది.

మాకు దొరికిన మొదటి పని ఒక చెనక్కాయల గోదాము. ఏళ్ళ తరబడి నూనె, దుమ్ము కలిసి బండల మీద అట్టకట్టి ఉంది. చీపుర్లు అరిగిపోయాయి కానీ మురికి కదల్లేదు. తెల్లవారితే షావుకారు వచ్చి చూస్తాడు, నచ్చకపోతే ఆ పని పోయినట్టే. అప్పుడు నా సంచిలో మన కుంచె ఉంది. నేతకు ముందు చాపిన పడుగు దారాలకు గంజి పెట్టి దువ్వే కుంచె, తాత నాటిది. కట్లు వదులయ్యాయి, కడపలో కట్టించుకొస్తానని నాయన దగ్గర అడిగి తెచ్చింది. బాషా దాన్ని చూసి, "ఏమప్పా, ఇంత గట్టి కుంచె పెట్టుకొని చీపురుతో యాతన పడుతాండావే" అన్నాడు. దానికి పసుపు కుంకుమ పెడతామని, కాలు కూడా తగలనివ్వమని చెప్పాను. అయితే వద్దులే అని చెయ్యి వెనక్కి తీసుకొన్నాడు. సంచిలోంచి కుంచె తీసింది నేనే. నా చేతులతో నేనే దాన్ని చాకలి సోడా కలిపిన నీళ్ళలో ముంచి బండ మీద పెట్టి రుద్దాను.

షావుకారు మెచ్చుకొన్నాడు. ఆ రోజు నుంచి ఐదు నెలలు ఆ కుంచెతోనే బతికాము.

తర్వాత నాయన కబురు చేశాడు, పెద్ద పడుగు వచ్చింది, కుంచె తీసుకొని రమ్మని. చూస్తే దాని కొసలు బండల మీద అరిగి, చీలి, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కుంకుడు రసంతో నాలుగుసార్లు కడిగాను. కొత్త కట్లు వేయించాను. కత్తెర తీసుకొని కొసలన్నీ సమంగా కత్తిరించాను. కత్తిరించిన కొస దారాన్ని కోస్తుందని నేతగాడి కొడుకుగా నాకు తెలియదా? తెలుసు. చూపుకు బాగుంటే చాలని నన్ను నేనే మభ్యపెట్టుకొన్నాను. ఇంటికి తెచ్చి ఇస్తే నాయన దాన్ని తిప్పి చూసి, బొటనవేలితో కొసలు నిమిరి, "బాగుండాదిలే" అన్నాడు. బతికిపోయాననుకొన్నాను.

మరునాడు వీధిలో ఏం జరిగిందో నువ్వూ చూశావు. వీధి పొడవునా పడుగు చాపారు. వీధివాళ్ళంతా సాయం వచ్చారు. నాయన కుంచె వేసిన చోటల్లా దారాలు తెగాయి. ఇది దువ్వే చెయ్యి బరువెక్కడమే అని మన కులపెద్ద గురప్ప మామ అందరికీ వినపడేటట్టు అన్నాడు. నాయన కుంచె దించి, "అవునప్పా, నా చెయ్యి చెడింది. ఇంక నేను నేయలేను" అన్నాడు. నేను గంజికుండ పట్టుకొని రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

తొమ్మిది నెలలయింది. నాయన మగ్గం గుంటలో దిగడం లేదని నువ్వు రాసినప్పుడల్లా నాకు అన్నం సహించడం లేదు. తన చేతిని తానే నమ్మలేక కూర్చొని ఉన్నాడు, ఆ చేతిలో ఏ లోపమూ లేదు. వచ్చే ఆదివారం వస్తాను. వీధిలో అందరినీ పిలిచి జరిగింది చెబుతాను. నన్ను ఏమైనా చేసుకోనీ, నాయన మళ్ళీ మగ్గం ముందు కూర్చోవాలి.

నీ దగ్గర పెరుగుతున్న నా బిడ్డ ఉరుకుందమ్మకు ముద్దులు.

క్షమించమని అడిగే ముఖం లేని నీ తమ్ముడు,
రామలింగప్ప


మైదుకూరు,
18 నవంబరు 1937

తమ్ముడు రామలింగప్పకు అక్క సుబ్బక్క దీవించి రాయునది.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర కూర్చొని చదువుకొన్నాను. నేను ఏడవడం నాయన చూశాడు. నీకేమైనా అయిందేమోనని ఆయన బెదిరిపోతే, దాచలేక మొత్తం చదివి వినిపించాను. అయిపోయాక, "అంగళ్ళు కడిగితే తప్పేముండాది, కష్టమే కదా" అన్నాడు. మళ్ళీ, "కుంచె చెడిపోయిందని నాతో చెప్పింటే ఇంకొకటి అడుక్కొచ్చుకొందును" అన్నాడు.

నాయనకు తెలుసు తమ్ముడూ. బొటనవేలు పెట్టగానే తెలిసిందట. నువ్వే చెబుతావని ఆ పొద్దంతా నీ ముఖం చూస్తూనే ఉన్నాడట. నువ్వు చెప్పలేదు. తెల్లవారేసరికి వీధంతా వచ్చి నిలబడింది. ఆ కుంచె పక్కన పెడితే గురప్ప మామ చేతికి తీసుకొంటాడు, చూస్తాడు, ఎక్కడ తిరిగి వచ్చిందని అడుగుతాడు. పూజచేసే కుంచెతో ఊరి అంగళ్ళు కడిగావని తెలిస్తే నిన్ను కులం బంతి భోజనాల్లో కూర్చోనివ్వరు, రేపు ఉరుకుందమ్మను ఎవరూ పెళ్ళి చేసుకోరు. అందుకని తెగుతాయని తెలిసే తన చేత్తో పడుగు మీద కుంచె వేశాడట.

అయితే నీ చేతికి ఏమీ కాలేదు కదా నాయనా, రేపటి నుంచి మగ్గం దగ్గర కూర్చో అన్నాను. నేనెంత తెలివితక్కువదాన్నో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు నేను బాగా నేస్తే, ఆ పొద్దు పడుగెందుకు తెగిందని అడగరామ్మా? నా చెయ్యి చెడిందని అందరి ముందర చెప్పినా. ఇంక అది చెడినట్టే ఉండాల."

ఆయన అన్న మాట అది. నిన్ను ఆదివారం రావద్దని రాయమన్నాడు. నువ్వు వచ్చి చెబితే తాను ఈ తొమ్మిది నెలలు కూర్చున్నదంతా వృథా అవుతుందట. మన వీధి నరసన్న అడిగితే మగ్గం ఇస్తానని మాట ఇచ్చేశాడు. సోమవారం విప్పుకొని పోతారు. అది పోతే మళ్ళీ నేయాలనే ఆశ తనకూ ఉండదు, ఎవరికీ అనుమానం రాదు అంటున్నాడు.

బిడ్డ బాగుంది. నువ్వు వేళకు తిను. నాయన చెప్పమన్నట్టే రాస్తున్నాను, రావద్దు. నాకైతే నిన్ను రమ్మనాలనే ఉంది, ఆ మగ్గం పోయే రోజు నేనొక్కదాన్నే ఆయన పక్కన నిలబడలేను.

నీ అక్క,
సుబ్బక్క