అడుగు కనిపించని కుండ

అత్తా,

ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఏడాది తిరిగింది. మళ్ళీ కొండ మీద నుంచి మామిడికాయలు దిగాయి, పాతపట్నం సంతంతా వాటి జీడి వాసనే. మొన్న నీ సంవత్సరీకం చిన్నమావ కొడుకు పెట్టాడు. కన్నకొడుకుండగా వాడెందుకు పెట్టాడంటావా... ఆగు, అక్కడికే వస్తున్నాను. నీదెప్పుడూ ఇదే తొందర, ఎసరు పెట్టకముందే అన్నం ఉడికిందా అంటావు.

ముందు కుండ సంగతి చెప్పనీ.

నిన్ను తీసుకెళ్ళగానే పెద్దత్త వంటింట్లోకి వచ్చింది. మైల పడిన ఇంట్లో వండిందేదీ ఉండకూడదంది. ఎవరింట్లోనైనా అంతే, కాదనను. పప్పు పారబోశారు, పులుసు పారబోశారు. చివరికి తరవాణి కుండ మీద కూడా చెయ్యి పడింది. ఊరవతల పగలగొట్టమని చాకలి పైడమ్మ నెత్తికి ఎత్తి పంపేశారు.

నీ అత్తగారి నాటి పులుపు అది. రోజూ గంజి, బియ్యం కడుగు పోసి, మిగిలిన అన్నం వేసి, కుండ మారినప్పుడల్లా పాత నీళ్ళు కొత్తదాంట్లో ఒంపి కాపాడుకొచ్చావు. "ఒసే, కుండ అడుగు కనిపించనీకు. అడుగు కనిపించిందా, కుండ సచ్చిపోయినట్టే!" అని నన్ను ఎన్ని తిట్లు తిట్టావు! నేను కనిపించనివ్వలేదు అత్తా. వాళ్ళు బోర్లించేశారు.

ఇంక బావకి ఏం పెట్టను?

బర్మాలో, రంగం పట్నం మీద బాంబులు పడ్డాక అడవుల్లో పడి నడిచొచ్చిన మనిషి. ఆ రోజు గుర్తుందా? వాకిట్లో నిలబడి అమ్మా అంటే బిచ్చగాడనుకున్నావు. తరవాణి తెచ్చి దోసిట్లో పోశావు. తాగి మళ్ళీ అమ్మా అన్నాడు. అప్పుడు చూశావు మొహం. గిన్నె నీ చేతిలోంచి జారిపోయింది.

ఆనాటి నుంచి వేడన్నం తింటే కడుపులో నిలిచేది కాదు. నీ తరవాణి అన్నమే నిలిచేది. నువ్వు ఎక్కడికి వెళ్ళొచ్చినా కాళ్ళు కడుక్కోకముందే, "ఏటి తిన్నాడే నా కొడుకు?" అని అడిగేదానివి.

నువ్వు లేని ఆ ఎండాకాలం నేను చెయ్యని వంట లేదు. వంకాయ నిప్పుల మీద కాల్చి పచ్చడి చేశాను. లేత మామిడికాయ వేసి పప్పు పలచగా కాచాను. చోడి అంబలి చల్లార్చి ఇచ్చాను, ముంజెలు వలిచి పెట్టాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకునేవాడు, విస్తరి పక్కకి నెట్టేసేవాడు. చేతి ఎముకలు లెక్కపెట్టేలా అయ్యాడు. ఒక్క పూట తిండి కడుపున నిలిస్తే చాలు దేవుడా, ఇంకేమీ అడగనని మొక్కాను.

కొత్త కుండ కొని నేనే తరవాణి పెట్టాను. నీలాగే దబ్బాకు వేశాను, వాము వేశాను. పులిస్తేనా! కంట్రోలు బియ్యం, ముక్కిన కంపు... మురిగి నురగ కక్కింది. దాన్ని పెరట్లో పారబోస్తూ ఏడుస్తుంటే బట్టల మూటకని పైడమ్మ వచ్చింది. వాసన చూసి నవ్వింది మహాతల్లి! తర్వాత నెమ్మదిగా అసలు మాట చెప్పింది. ఆ రోజు నీ కుండ పగలగొట్టే ముందు, నేలపాలు చెయ్యడానికి మనసొప్పక తరవాణి తన కుండలో ఒంపుకుందట. వాళ్ళింటిల్లిపాదీ అదే తాగుతున్నారట.

మన చేత్తో పైడమ్మ గిన్నెలో అన్నం పెట్టడం ఉంది గానీ, ఆమె ఇంటి నుంచి మెతుకు తెచ్చుకోవడం మన ఇళ్ళలో ఎక్కడైనా ఉందా? పెద్దత్తకి తెలిస్తే నన్ను ఊరు దాటించేది. నువ్వయితే ఏమనేదానివి? తిట్టేదానివా... తిట్టుకో. నేను చెంబు తీసి పైడమ్మ చేతిలో పెట్టాను.

ఆమె తెచ్చిన తరవాణి సగం కొత్త కుండలో ఒంపి, మిగతాది ఆ పూట అన్నంలో పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమామిడి ముక్క నంజుకోవడానికి పెట్టాను. విస్తరి నెట్టకుండా తిన్నాడు. తిన్నది నిలిచింది. తర్వాత నా వైపు చూసి, అమ్మ కలిపిందా అని అడిగాడు. నీకు కొరివి పెట్టిన మనిషి అత్తా! ఏమని చెప్పను? అవునన్నాను.

ఆ వేసవంతా తిన్నాడు. అరుగు దాకా నడిచాడు. ఒకరోజు ఊరమిరపకాయ వేయించమని అడిగాడు కూడా.

వానలు పడ్డాయి. విరేచనాలు తిరగబెట్టాయి. ఈసారి మందూ నిలవలేదు, తరవాణీ నిలవలేదు.

నీ కొడుకు పోయాడు అత్తా.

తెల్లారుతుండగా పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. గొల్లుమనాలి కదా... అనలేదు. అంటే పెద్దత్త వచ్చేస్తుంది, మళ్ళీ కుండ పోతుంది. కళ్ళు మూసి, దుప్పటి కప్పి, కుండ చంకనెత్తుకుని పెరటి తలుపున పైడమ్మ ఇంటికి పరిగెత్తాను. తిరిగొచ్చాకే ఏడ్చాను. మొగుడు పోతే దీని కంట నీరు రాలేదని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

మైల తీరాక కుండ మళ్ళీ ఇంటికి తెచ్చాను. మొన్న నీ సంవత్సరీకానికి పెద్దత్త ఎండలో పడి వచ్చింది. తరవాణి ఇస్తే గటగటా తాగి, అచ్చం నీ చేతి పులుపే అని ఇంకో గిన్నె అడిగింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నోరు మూసుకుని పోశాను.

బావ నీ దగ్గరికి చేరాడా? ఈసారైనా గుర్తుపట్టావా? ఏటి తిన్నావని నువ్వు అడిగినా తను చెప్పే రకం కాదు. అందుకే నేను చెబుతున్నాను. పోయే ముందు రాత్రి తరవాణి అన్నమే తిన్నాడు అత్తా. రెండు మెతుకులు. దబ్బాకు తీసేసి, మెత్తగా పిసికి పెట్టాను. మింగాడు.

ఒక్కదానికి ఇంత కుండెందుకని అందరూ అంటున్నారు. ఏమో... రోజూ గంజి పోస్తూనే ఉన్నాను. అడుగు కనిపించనివ్వనులే.

నీ మేనకోడలు,
సుందరమ్మ