ఓబులక్క కాలికి పసుపు పొర

జూన్ 9
ఓబులక్క వచ్చింది. పెనుకొండ బస్సు దిగి, కర్ర సాయంతో. నేను చేసిన కృత్రిమ కాలు చంకలో. మొండి మోకాలిని పట్టి ఉంచే తొడుగు నిలువునా పగిలింది. నా చేతి పనే. ఇంకా మూడు నెలలు కాలేదు...
“గొర్రెపిల్ల బండల సందులో పడె పాపా. దూకకుండా ఎట్లుంటా?”
తొడుగు ఊడదీసి బల్ల మీద పెట్టాను.

జూన్ 10
పగిలినదాన్ని పూర్తిగా కార్బన్ పోగుల బట్టతో చేశాను. తేలిక, గట్టి. నాకు పని నేర్పిన ఖాదర్ సార్ పగిలిన అంచు తడిమి చూశాడు. “బరువు మోస్తాదా అని సూసినావు. దెబ్బకు నిలుస్తాదా అని సూడలే.”


జూన్ 14
అలమారాలో కాస్త పసుపు బట్ట — ఆరమిడ్. తూటాలు ఆపే జాకెట్లలో వేసేది. కత్తెరకు ఒక పట్టాన లొంగదు. నలుపు పొర, పసుపు పొర, మళ్లీ నలుపు. రెజిన్ జిగురు పాకుతుంటే పసుపు మెల్లగా తేనె రంగులోకి తిరిగింది... చూస్తూ ఉండిపోయాను. టీ చల్లారింది.

జూన్ 16
పరీక్షకు రెండు పలకలు: ఒకటి కార్బన్‌ది, ఒకటి పసుపు కలిపింది. ఛాతీ ఎత్తు నుంచి ఇనుప గుండు వదిలాను. కార్బన్ పలక పెళ్లున చీలింది. కలిపి చేసినదానికి గుంట పడింది, అంతే. పోగులు వదల్లేదు. గుండు పక్కకు దొర్లిపోయింది.

జూన్ 17
కల. నల్ల గొర్రెలు, మధ్యలో ఒక్కటి పసుపు. కొండ మీంచి దిగుతూనే ఉన్నాయి. నేలకు తగలవు.

జూన్ 21
ఓబులక్క కాలికి కొత్త తొడుగు బిగించాను. వద్దనే లోపే మెట్ల మీంచి దూకింది!
“గట్టిగుండాది పాపా.”
వెనక్కి చూడకుండా బస్సు దాకా నడిచింది.

జులై 30
చూపించుకోమంటే వచ్చింది. రెండుసార్లు పడిందట. తొడుగు మీద గీత కూడా లేదు. విప్పి, రూపాయి బిళ్లతో చుట్టూ తట్టాను. టిక్, టిక్... వెనక వైపు ఒకచోట మొద్దు చప్పుడు. లోపల పొరలు విడిపోయాయి. చీలిక ఎంత దూరం పాకిందో తెలియదు.
“ఈడ పెట్టిపో అక్కా. వారంలో వేరేది చేస్తా.”
“వారం గొర్లు యాడ నిలబెట్టేది? పొద్దున్నే బుక్కపట్నం దిక్కు తోలల్ల.”
“లోపల చీలింది.”
“పైన లేదు కదా.”
నా చేతిలోంచి తీసుకొని తొడుక్కుంది. నేను గట్టిగా పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదు?

జులై 31
తెల్లారే వచ్చి కొత్త తొడుగు మొదలుపెట్టాను. పెనుకొండ వైపు మబ్బు. ఓబులక్కకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. గొర్రెల దగ్గర ఉంటే ఎత్తదు. ఎప్పుడూ ఎత్తదు...