విదేశాలకు పంపిన రేవు ఫోటో

మార్చి 3, సోమవారం

విదేశీ పేపర్లో మా దీవి గురించి అర పేజీ పడింది. మంచి మాట ఒక్కటీ లేదు. రేవు పక్కన మురుగు, మురుగు పక్కన రేకుల ఇళ్లు, ఇళ్ల నిండా రోగాలు. మా ప్రచార శాఖ డైరెక్టర్ ఆ పేపర్ని చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. వారంలో కొత్త బ్రోచర్ కావాలట. అందరూ నా వైపే చూశారు. ఫోటోలు దిద్దేది నేనే మరి. మసిపూసి మారేడుకాయ చేయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా చేస్తున్నాను, సిగ్గేమీ లేదు.

మార్చి 5

రేవు ఫోటో పూర్తయింది. మురుగు కాలువ తీసేశాను. నీళ్లకు నీలం వేశాను. రేకుల ఇళ్ల వరస తీసేసి గడ్డి పరిచాను. అందులో మూడోది మా అక్క ఇల్లు. తీగ మీద ఆరేసిన బావ చొక్కా చెరపడానికే గంట పట్టింది. సాయంత్రం వెళ్లి చెబితే అక్క పగలబడి నవ్వింది. పోన్లేరా, మీ బావ చొక్కా నుంచి దీవి పరువు కాపాడావు అంది.

మార్చి 10

బ్రోచర్ సూపర్ హిట్. ఆ పేపర్ వాళ్లకే పంపారు, కావాలంటే వచ్చి చూసుకోండని.

మార్చి 14, ఉదయం 11

వస్తున్నారు! ఇరవయ్యో తారీకున. అదే చోట నిలబడి తామూ ఒక ఫోటో తీసుకుంటారట. డైరెక్టర్ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ ఫోటో ఎంత పెద్ద సైజులో ప్రింట్ చేయగలవు అన్నాడు. నాలుగడుగులు అన్నాను. తీసిచ్చాను. ఎందుకని అడగలేదు. అడగాల్సింది.

మార్చి 17, ఉదయం

అక్క ఫోన్ చేసింది. ఇంటి ముందు బుల్డోజర్ ఆగి ఉందంది. పరుగెత్తాను.

నా ప్రింటును ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని నిలబడ్డారు. ఇంజినీరు దాన్ని చూసుకుంటూ నేల మీద సున్నంతో గీతలు వేయిస్తున్నాడు. గీతలకు అడ్డంగా నిలబడి అరిచాను. అది అబద్ధపు ఫోటో, దిద్దింది నేనే, ఇవి ఇళ్లు, ఇందులో మనుషులున్నారు అని. ఇంజినీరు మర్యాదగానే విన్నాడు. ఆఫీసు ముద్ర ఉంది కదండీ, మాకు ఇదే ప్లాను అన్నాడు.

డైరెక్టర్ ఏడోసారికి ఫోన్ ఎత్తాడు. వాళ్లకి ఎక్కడో ఒకచోట గదులు చూద్దాంలే, నాలుగు రోజులు సర్దుకోమను అన్నాడు.

అక్క కుక్కరు, బట్టలు, సిలిండరు బయటికి మోసింది. గోడ కూలుతుంటే నా వైపు చూడలేదు. బావ చూశాడు.

చేతులారా చేశాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మార్చి 20

ఈలోగా మురుగు కాలువ పూడ్చి, ఇళ్ల చోట గడ్డి పరిచి, నీళ్లలో నీలం రంగు కలిపారు. పేపర్ వాళ్లు వచ్చారు. చూశారు. ఫోటోకూ రేవుకూ వెంట్రుకవాసి తేడా లేదన్నారట. తమ పేపర్లో అలాగే రాస్తారట.

మార్చి 22

అక్కా బావా నా గదిలోనే ఉంటున్నారు. అక్క ఇవాళ నాతో మొదటిసారి మాట్లాడింది. ఇల్లున్న పాత ఫోటో ఒకటి తీసివ్వరా, దాచుకుంటాను అంది.

పాతది లేదు. దిద్దింది దాని మీదే సేవ్ చేశాను.