నాయన వయసు

ఆదోని,
జనవరి 27, పొద్దున.

నా మెహరుకు,

నిన్న నువ్వు ఫోన్ చేసి "బాగుండావా బావా?" అని అడిగితే "నాకేం, గుండురాయి మాదిరి ఉండాను" అని నవ్వాను. ఆ నవ్వు అబద్ధం. నీ గొంతు వినగానే నాకు నవ్వు వస్తుంది కానీ నిజం రాదు. పైగా మన ఇంట్లో ఫోన్ మాట్లాడితే వంటింట్లో అమ్మకూ, పక్కగదిలో అర్షియాకూ ప్రతి మాటా వినిపిస్తుంది. అందుకే మన పరుపుల అంగడి తెరిచి, మారుతి పనిలోకి రాకముందే కూర్చుని రాస్తున్నాను. పది గంటల బస్సుకు కండక్టర్ బసవన్న చేతికిస్తే, ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న మీ తమ్ముడు షాకిర్ టైర్ల అంగడిలో ఇచ్చేస్తాడు. ఇస్తానో, చింపేస్తానో రాశాక తెలుస్తుంది.

అత్త తుంటి ఎముక విరిగిందని నువ్వు పుట్టింటికి పోయి ఈరోజుకు పద్దెనిమిది రోజులు. బస్సెక్కేటప్పుడు ఒక్కటే మాట చెప్పావు, "నేను లేనని ఏదీ ఆపొద్దు" అని. నేను అన్నీ ఆపేశాను మెహరూ. పొద్దున్నే ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని, టీ అయ్యేదాకా ఫోన్ ముట్టకుండా, వీధిలో పోయేవాళ్లను చూడటం నీ అలవాటు. పెళ్లయిన కొత్తలో విసుక్కున్నాను గానీ, తర్వాత ఇరవై ఏళ్లలో ఆ టీ లేకుండా నాకు తెల్లవారలేదు. ఇప్పుడు నిలబడే రెండు గుటకల్లో తాగేసి గ్లాసు బోర్లిస్తున్నాను. ఇద్దరం మూలమలుపు దాకా నడిచి, అక్కణ్ణుంచి నువ్వు వెనక్కి, నేను అంగడికి పోయేవాళ్లం కదా, ఆ నడకా మానేసి బండెక్కుతున్నాను. అన్నాల దగ్గర ఆ రోజు నవ్వొచ్చిన సంగతి తలా ఒకటి చెప్పుకోవడం కూడా పోయింది. అర్షియా రెండు రోజులు "నాయనా, నీ వంతు" అని గుర్తు చేసి మూడో రోజు నుంచి ఊరుకుంది. పిచ్చుకలకు గింజలు చల్లడం మాత్రం అమ్మ చేస్తోంది.

వాటి బదులు నాకు వేరే అలవాట్లు పట్టుకున్నాయి. గంటకోసారి మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకుంటాను. దొరక్కపోతే మెడ మీద వెతుక్కుంటాను. అంగీ జేబులో నా పేరు, ఇంటి అడ్రసు, నీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టుకుని తిరుగుతున్నాను. పరుపు కుట్టేటప్పుడు వీధి వైపు తిరిగి కూర్చుంటున్నాను, ఒరిగిపోతే దారినపోయే ఎవరైనా చూస్తారని. పోయిన ఆదివారం అర్షియాకు దూది ఏకే మిషను నడపడం నేర్పాను. "నాకెందుకు నాయనా ఇది? నేను ఫార్మసీ సదవాల కదా" అంది. "ఊరికే నేర్సుకో" అన్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, జుట్టంతా దూది పడి, అది నవ్వుతూ మిషను తిప్పుతుంటే నేను లోపలికి పోయి మొహం కడుక్కున్నాను.

ఎందుకంటే వచ్చే నెల తొమ్మిదో తారీఖుకు నాకు నలభై నాలుగు నిండుతాయి. నాయన పోయినప్పుడు ఆయన వయసు నలభై నాలుగు. మరణ పత్రంలో ఉంది, నా ట్రంకు పెట్టెలో అడుగున. దాన్ని ఈ నెలలో ఎన్నిసార్లు తీసి చూశానో. మా తాత కూడా అంతకు రెండేళ్లు అటో ఇటో అట్లాగే పోయాడంటారు. ఇది మా రక్తంలో ఉందని నాకు చిన్నప్పటి నుంచే గట్టి నమ్మకం. నలభై దాటాక ప్రతి ఏడూ ఒక మెట్టు దిగుతున్నట్టే ఉంది.

నీకు కూడా చెప్పని సంగతి ఒకటుంది. నాయన పోయిన రోజు నువ్వు ఎనిమిదేళ్ల పిల్లవు, తర్వాత వచ్చావు. నేను పక్కనే ఉన్నాను. ఎవరిదో పెళ్లి పరుపు కుడుతూ "నీళ్లు తేరా నౌషాద్" అన్నాడు. చెంబుతో తెచ్చేసరికి సగం కుట్టిన పరుపు మీద తల పెట్టి పడుకుని ఉన్నాడు. అలిసిపోయి నిద్రపోయాడనుకున్నాను. లేపితే కసురుతాడేమోనని చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. చేతులు నొప్పిపుట్టి చెంబును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకోవడం గుర్తుంది. నేను అప్పుడే అరిచి ఉంటే ఎవరైనా వచ్చేవాళ్లేమో, ఆయన బతికేవాడేమో. ఈ మాట ముప్పై ఏళ్లుగా నా నోట్లోనే ఉంది.

ఇక అసలు సంగతి. మూడు రోజులుగా దూది బేలు ఎత్తితే రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు ఉంటోంది. ఎడమ దవడ దాకా లాగుతుంది. కూర్చుంటే కాసేపటికి పోతుంది. డాక్టర్ దగ్గరికి పోకూడదనుకున్నాను. పోతే ఆయన ఆ మాట అనేస్తాడు. అననంతవరకూ అది నిజం కాదన్నట్టు ఉంది నాకు. తొమ్మిదో తారీఖు దాటితే బతికిపోతాను, దాటకపోతే రాసిపెట్టిందంతే. నువ్వు అక్కడ అత్తను చూసుకో, రావద్దు. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది, నీకు చెప్పాను.

నీ
నౌషాద్

* * *

ఎమ్మిగనూరు,
జనవరి 27, పగలు పన్నెండు.

బావకు,

ముందు పని, తర్వాత మాటలు. ఈ కాగితం నీ చేతికిచ్చినవాడు షాకిర్. ఆటో పిలిచి, వాడితో ఇప్పుడే ఆసుపత్రికి పో. చదవడం ఆటోలో చదువు. మారుతికి ఫోన్ చేసి నిన్ను ఏదీ ఎత్తనివ్వొద్దని, వదిలి కదలొద్దని చెప్పాను. వాడితోనే పొమ్మనేదాన్ని, కానీ నువ్వు వాణ్ణి ఒక్క కసురు కసిరితే వాడు నోరు మూసుకుంటాడు. షాకిర్ ఊరుకోడు. నేను ఫోన్ చేస్తే మళ్లీ గుండురాయి అంటావు, అందుకే చేయలేదు. పక్కింటి లక్ష్మక్క వచ్చి మా అమ్మ దగ్గర కూర్చోగానే నేనూ బయల్దేరుతున్నాను. షాకిర్ బండికి పెట్రోలు పోయించుకుని వచ్చేలోపు ఇది రాస్తున్నాను. తొందర రాత, అక్షరాలు చూసి నవ్వొద్దు.

నా అలవాట్లు ఆపేశానని రాశావు. అవి ఎట్లా మొదలయ్యాయో నీకు తెలీదు. మామ పోయినరోజు మా అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లను ఎత్తుకుందంటే ఆమె ఎంత బెదిరిపోయిందో చూడు. ఆ ఇంటికే నన్ను కోడలిగా అడిగినప్పుడు అమ్మ వారం రోజులు ఒప్పుకోలేదు, "ఆ ఇంట్లో మొగోళ్లు నిలబడరు" అని. నాకు నువ్వంటే ఇష్టం, నేనే పట్టుబట్టాను. పట్టుబట్టి వచ్చాక నాకు భయం పట్టుకుంది. పొద్దున్నే మెట్టు మీద టీ ఎందుకో తెలుసా? వెలుతురులో నీ మొహం రంగు చూడటానికి. పెదాలు నల్లబడ్డాయా, కళ్ల కింద వాచిందా అని చూసేదాన్ని. నువ్వు వీధి చూసేవాడివి, నేను నిన్ను చూసేదాన్ని. మూలమలుపు దాకా నడక నీకు ఆయాసం వస్తోందా అని వినడానికి. అన్నాల దగ్గర నవ్వు ఎందుకంటే, నొప్పి ఉన్న మనిషి నిండుగా నవ్వలేడని మా జేజమ్మ చెప్పేది.

ఇరవై ఏళ్లుగా నువ్వు సంతోషమనుకున్నది నా కాపలా బావా. అయితే ఇదీ నిజమే, ఏ రోజు నుంచో తెలీదు గానీ అది సంతోషమే అయిపోయింది. నీ మొహం చూడటం మరచిపోయి నీతోపాటు వీధి చూస్తూ కూర్చున్న రోజులు ఎన్నో. ఈ పద్దెనిమిది రోజులు నేను కాపలా లేను, నువ్వు మూడు రోజుల నొప్పి దాచావు.

రాసిపెట్టిందంతే అన్నావు. రాసిపెట్టినవాడు నీకు కాళ్లు కూడా ఇచ్చాడు, ఆసుపత్రి మన వీధికి మూడు వీధుల అవతలే ఉంది. షాకిర్ వచ్చాడు. నాకు చాలా భయంగా ఉంది. లెయ్.

మెహరున్నీసా

* * *

ఆదోని,
ఫిబ్రవరి 13.

మెహరూ,

మందులు వేళకు వేసుకుంటున్నాను, అర్షియా గోడ మీద పట్టీ రాసి అంటించింది. అత్త నాలుగడుగులు నడిచిందని షాకిర్ చెప్పాడు, ప్రాణం లేచొచ్చింది. నీకు తెలిసినవి మళ్లీ రాయను. తెలియనివి రాస్తాను.

ఆ రోజు షాకిర్ వచ్చినప్పుడు నేను మొండికేశాను. "ఏం ల్యాదప్పా, గ్యాసు. రేపు సూస్తాంలే" అన్నాను. వాడు హెల్మెట్ కూడా తీయలేదు. "అక్క నిన్ను తీసకపొమ్మన్యాది బావా, నిన్ను అడగమన్లే" అని రెక్క పట్టుకుని ఆటోలో కుదేశాడు. ఇక్కడి డాక్టర్ గుండెకు ఈసీజీ తీసి, చూసి, నాలుక కింద మాత్ర పెట్టి కర్నూలుకు అంబులెన్సు పిలిచాడు. అంబులెన్సులో పడుకుని పైకప్పు మీద తుప్పు మరక చూస్తూ, నన్ను తీసుకుపోవడానికి నాయన వచ్చేశాడనుకున్నాను. భయం ఎంతుందంటే చివరి ఘడియల్లో చదవాల్సిన కలిమా కూడా సగంలో మరచిపోయాను. అప్పుడు నీ ఉత్తరంలో "నాకు చాలా భయంగా ఉంది" అన్న మాట గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయాన్ని వేరువేరుగా దాచుకున్నామా అనిపించింది. షాకిర్ చెయ్యి అడిగి పట్టుకున్నాను. వాడి చెయ్యి నాకంటే చల్లగా ఉంది.

తర్వాత కర్నూలుకు నువ్వు వచ్చావు, మూసుకుపోతున్న నాళంలో స్టెంట్ వేశారు, ఇంకో వారం ఆగితే చెప్పలేమన్నారు. తొమ్మిదో తారీఖు నువ్వు పొద్దుగూకేదాకా నా పక్క నుంచి కదల్లేదు. రోజు గడిచింది. పదో తారీఖు నువ్వు బస్సెక్కావు. నేను గండం గడిచిందని చెప్పి నిన్ను పంపాను గానీ భయం పోలేదు మెహరూ. తొమ్మిది పోతే పది, పది పోతే పదకొండు. ఆయన వయసులోనే కదా ఇంకా ఉన్నాను.

పదకొండో తారీఖు పొద్దున మణికట్టు పట్టుకుని మెట్టు మీద కూర్చుంటే అమ్మ గింజలు చల్లడానికి వచ్చింది. "ఏం రా, ఎప్పుడు సూసినా ఆ చెయ్యి పట్టుకోనుంటావు?" అంది. దాచే ఓపిక లేకపోయింది. నలభై నాలుగు సంగతి చెప్పాను. చెంబు సంగతి కూడా చెప్పాను.

అమ్మ నా మొహం వైపు చూసి, "నీ నాయన వయసు నలభై నాలుగని నీకెవరు సెప్పినార్రా?" అంది.

"కాగితంలో ఉండాది కదమ్మా."

"కాగితమా! ఆయన పుట్టిన దినం ఆయన్ని కన్న మా అత్తకే తెలీదు. కరువొచ్చిన ఏడు పుట్టినాడనేది. ఈ సీమలో కరువు రాని ఏడు యాడుందో సెప్పు? ఆయన పోయినంక ఆఫీసులో వయసెంత అని అడిగితే, ఎదురింటి కాశప్ప గెడ్డం గోక్కోని నలభై నాలుగని రాయించినాడు. నలభైయ్యో, యాభైయ్యో, ఆ అల్లాకే తెలుసు."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ముప్పై ఏళ్లు నేను భయపడింది కాశప్ప మామ గెడ్డం గోక్కుని చెప్పిన అంకెకు!

నేను నవ్వాను కానీ అమ్మ నవ్వలేదు. పక్కన చతికిలబడింది. "వయసు తినలేదురా ఆయన్ని. నొప్పి మూడు దినాల ముందే వచ్చినాది. తలుపు పట్టుకోని నిలబడ్తాండె, రొమ్ము రుద్దుకుంటాండె. నేను పొయ్యికాడ కూసోని సూస్తాంటి. అడిగితే ఏం సెప్తాడో అని భయమేసి అడగలే. నువ్వు సెంబు పట్టుకోని నిలబడింది కొంచేపేరా నాయనా. నేను మూడు దినాలు నిలబడినాను" అంది.

మెహరూ, ఈమె ఇంతకాలం దీన్ని మోస్తూ మనకు రొట్టెలు చేసి పెట్టింది. అమ్మ తల నా భుజానికి ఆనించుకున్నాను. వీధిలో పాలవాడు చూశాడు. చూడనీ అనుకున్నాను.

నిన్నటి నుంచి ఇంట్లో కొత్త అలవాటు పెట్టాం. నీ టీ అలవాటుకు దీన్ని కలుపుకో. మెట్టు మీద కూర్చోగానే ఒకరినొకరం అడగాలి, "ఏమన్నా నొప్పుందా?" అని. అడిగినవాళ్లకు నిజమే చెప్పాలి. నిన్న అర్షియా నన్ను అడిగింది. స్టెంట్ వేసినచోట కాదు గానీ మెట్లెక్కితే మనసులో బెదురుగా ఉందని చెప్పాను. "సరే, ఇయ్యాల నాతోపాటు ఎక్కు" అంది. ఎక్కాను. నేను అర్షియాను అడిగాను. ఫార్మసీ సీటు రాదేమోనని రెండు నెలలుగా రాత్రిళ్లు లేచి కూర్చుంటోందట. మనకు చెప్పలేదు చూడు.

ఈరోజు అమ్మను అడిగాను, "నీకేమన్నా నొప్పుందా మా?" అని. "నాకేం నొప్పిరా" అంది. కాసేపు పిచ్చుకలను చూసింది. తర్వాత మొదలుపెట్టింది. మోకాళ్లు, నడుము, చలికాలంలో వేళ్లు. ఒక్కొక్కటే, ఎవరి గురించో చెప్తున్నట్టు, తొందర లేకుండా చెప్పింది. గ్లాసులో టీ చల్లారిపోయింది. చివరికి, "ఎడమ కన్ను కనపడక రెండేండ్లయితాంది లే, ఇంకోటి ఉండాది కదా" అంది.

రెండేళ్లు మెహరూ. నువ్వూ, నేనూ, అర్షియా, ముగ్గురం ఆమెతో ఒకే చాప మీద కూర్చుని తింటూ చూసుకోలేదు. రేపు తొమ్మిది గంటలకు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతున్నాను. ఆమెకు భయంగా ఉందట, తన పక్కనే కూర్చోమంది. కూర్చుంటాను. అత్తను కూడా అడుగు.

మీ ఇంటి నౌషాద్